అమ్మినా పోని తెల్లావు

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక ఇంటి ముందు కారుందంటే, ఆ ఇంటివాళ్ళకి కారున్నట్టు కాదు, ఆ వీధికి కారున్నట్టు. పెట్రోలు ఇంటివాళ్ళది, టైర్లు ఇంటివాళ్ళవి, రిపేరు వస్తే షెడ్డు ముందు ఎండలో నిలబడే ఖర్మ ఇంటివాళ్ళది, ఎక్కి తిరిగే హక్కు మాత్రం అందరిదీ. ఈ ఏర్పాటు ఎవరు చేశారో, ఎవరిని అడిగి చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. నా ఇరవై నాలుగో ఏట దీన్ని మార్చడానికి నేనొక్కదాన్నీ నడుం కట్టాను, కట్టి చిత్తుగా ఓడిపోయాను. ఇన్నేళ్ళయినా ఇంకా ఎందుకే ఆ ఉడుకుమోత్తనం అంటుంది మా అమ్మ. ఉడుకుమోత్తనం కాదు, నాకు న్యాయం జరగలేదు. మీరే చదివి చెప్పండి.

మాది నిడదవోలు దాటాక కాలువ గట్టు వెంబడి వెళ్తే వచ్చే ఊరు. మా నాన్నగారు అక్కడి చిన్న బడిలో మాస్టారు. ఆదివారం వస్తే చర్చిలో హార్మోనియం వాయించి పాటల బృందాన్ని నడిపించేది కూడా ఆయనే. (ఈ రెండిట్లో ఏది ఉద్యోగమో, ఏది సరదాకి చేసేదో ఆయన్ని చూసి చెప్పడం కష్టం.) చుట్టుపక్కల ఊళ్ళలో ప్రార్థన కూటాలు ఎక్కడ జరిగినా ఈ బృందం వెళ్ళి పాడి రావాలి. అందుకోసం, నేను రెండో తరగతిలో ఉండగా, ఏదో ఆసుపత్రివాళ్ళు పాతబడిందని వదిలించుకుంటున్న బండిని ఆయన కొనుక్కొచ్చారు. మామూలు కారుకి డిక్కీ ఉండే చోట దీనికి పైకప్పు చివరిదాకా సాగి, వెనక ఒక మంచం పట్టేంత గది ఉండేది. నిజానికి అక్కడ ఒకప్పుడు మంచమే ఉండేది, రోగుల్ని దాని మీదే పడుకోబెట్టి తీసుకెళ్ళేవారు. నాన్నగారు మంచం తీయించి అటూ ఇటూ రెండు బల్లలు వేయించారు. హార్మోనియం, డోలకు, తాళాలు, పాటల పుస్తకాల సంచి, పదకొండు మంది మనుషులు అందులో పట్టేవారు. (మా బృందంలో సన్నగా ఉన్నవాళ్ళు ఇద్దరే.) తెల్లగా, నిదానంగా, ఎవరు తోలినా వద్దనకుండా కదులుతుందని వీధివాళ్ళు దానికి తెల్లావు అని పేరు పెట్టారు.

తెల్లావుకి కొన్ని అలవాట్లు ఉండేవి. హారన్ కొడితే వైపర్లు ఒకసారి అటూ ఇటూ ఊగేవి. ఎడమవైపు వెనక తలుపు బయట నుంచి తీస్తేనే తెరుచుకునేది కాబట్టి అక్కడ కూర్చున్నవాళ్ళు దిగాలంటే దారిన పోయే పుణ్యాత్ముడి కోసం ఎదురుచూడాల్సిందే. అన్నిటికంటే ఘోరం దాని ఒంటి మీద గుర్తు. ఆసుపత్రివాళ్ళు రెండు తలుపుల మీదా వేయించిన పెద్ద ఎర్ర ప్లస్సు కనపడకుండా నాన్నగారు తెల్లరంగు కొట్టించారు గానీ, కొట్టినాయన ఒక్క పూతతో సరిపెట్టాడు. ఎండలో ఏమీ కనిపించేది కాదు. నాలుగు చినుకులు పడి తలుపు తడిసిందా, ఆ ప్లస్సు గులాబీ రంగులో మెల్లగా పైకి తేలేది. అందుకని వానాకాలంలో తెల్లావు ఎవరింటి ముందు ఆగినా ఇరుగుపొరుగు గొడుగులు వేసుకుని బయటికి వచ్చేసేవారు. ఏమైందని కూడా అడిగేవారు కాదు, సరాసరి "ఎవరికండీ?" అనే అడిగేవారు.

నాన్నగారికి డ్రైవింగ్ రాదు. హార్మోనియం వాయించే వేళ్ళు స్టీరింగు పట్టుకుంటే బిరుసెక్కుతాయని ఆయన నమ్మకం. బండి నడిపేది మా బృందంలో డోలకు వాయించే ఆయన. నేను ఆయన్ని డోలకు బాబాయి అనేదాన్ని. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే, తెల్లావు మీదే, కాలువ గట్టు మీదే. ఆదివారం పాటలకి వెళ్ళొచ్చాక మిగిలిన ఆరు రోజులూ బండి వీధిలో తిరుగుతూనే ఉండేది. ఎవరో వచ్చి "మాస్టారూ, ఒక్కసారి తెల్లావుని..." అని నసగడమే ఆలస్యం, నాన్నగారు తాళంచెవి తీసి ఇచ్చేసేవారు. పురుళ్ళకి అది, పెళ్ళివారి సారెకి అది. ఆత్రేయపురం నుంచి పూతరేకులు విరక్కుండా తేవాలంటే మెత్తటి స్ప్రింగులని మళ్ళీ అదే. ఒకసారి ఒక గేదెదూడ కూడా అందులో పశువుల ఆసుపత్రికి వెళ్ళొచ్చింది. ఆ మర్నాడు నా పదో తరగతి పరీక్షకి నేను అదే బల్ల మీద కూర్చుని వెళ్ళాను. ఆ వాసన గురించి నాన్నగారికి చెబితే, పాపం దూడకి నయమైందమ్మా అన్నారు.

ఇదంతా నేను భరించాను. నా ఓర్పు హద్దు దాటింది రాజమండ్రిలో ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చాక. చేరే రోజున నన్ను దిగబెడతామని నాన్నగారు, డోలకు బాబాయి బయల్దేరారు. నేను పట్టుచీర కట్టుకుని ఎడమవైపు వెనక కూర్చున్నాను. కొవ్వూరు దాటి వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి మీద నుంచి వాన అందుకుంది. ఆఫీసు గేటు దగ్గరికి వెళ్ళేసరికి ప్లస్సు నిండుగా విచ్చుకుని ఉంది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి గేటు బార్లా తీసేశాడు, అడ్డంగా ఉన్న సైకిళ్ళని పక్కకి లాగేశాడు, మెట్ల దాకా బండికి ముందు ముందు నడుస్తూ దారి చూపించాడు. తలుపు తీసి నన్ను చెయ్యి పట్టుకుని దింపబోయాడు. సూపరింటెండెంటుగారు కళ్ళజోడు పైకి తోసుకుంటూ వరండాలోకి వచ్చి ఎవరికండీ అని అడిగారు. నేను ఉద్యోగంలో చేరడానికి వచ్చానండి అని చెప్పుకున్నాను. ఆ సాయంత్రానికల్లా నాకు అంబులెన్సు అమ్మాయి అనే పేరు ఖాయమైపోయింది. అసలు పేరు తెలియడానికి వాళ్ళకి మూడు నెలలు పట్టింది.

ఏడాది తిరక్కుండా నేను కారు కొన్నాను. కొత్తది కాదు, ఒక పళ్ళ డాక్టరుగారు నాలుగేళ్ళు వాడినది. అయినా తెల్లావు పక్కన పెడితే పెళ్ళికూతురే. నీలం రంగు, నాలుగు తలుపులు, నాలుగూ లోపల నుంచే తెరుచుకుంటాయి. డిక్కీ డిక్కీలాగే ఉంటుంది, అందులో మనుషులు పట్టరు. డాక్టరుగారి భార్య ఎంత జాగ్రత్త మనిషంటే, సీట్లకి కంపెనీవాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. నేనూ తీయలేదు. మీకు నిజం చెప్పాలి, ఆ కారు కొన్నప్పుడు నాకు ఒకటే కోరిక. నాన్నగారు ముందు సీట్లో కూర్చుని, అద్దం దించుకుని, ఎదురైనవాళ్ళతో "మా అమ్మాయి కారండి" అనాలి. ఆ ఒక్క మాట చాలు. దానికి బదులు, తెల్లావుని అమ్మేద్దాం నాన్నగారూ, ఇంటి ముందు రెండు బండ్లకి చోటు లేదు అని నేను అన్నప్పుడు ఆయన కాసేపు హార్మోనియం మెట్లు తుడుచుకుని "నీ ఇష్టం అమ్మా" అన్నారు. మా వైపు పెద్దవాళ్ళు నీ ఇష్టం అన్నారంటే వాళ్ళకి ఇష్టం లేదని. ఆ సంగతి నాకు తెలుసు. తెలియనట్టు నటించాను.

కొనడానికి వచ్చింది పక్క ఊళ్ళో చేపల చెరువులున్న రాజుగారు. చెరువులకి తవుడు బస్తాలు తోలుకోవడానికి వెనక గది ఉన్న బండి కావాలన్నారు. నలభై దాటిన మనిషి, చిన్నప్పుడు నాన్నగారి దగ్గర ఎక్కాలు నేర్చుకున్నారు కాబట్టి ఆయన ముందు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోరు. బేరం రెండు నిమిషాల్లో తేలిపోయింది గానీ అప్పగింతలకి గంట పట్టింది. రాజుగారు కొబ్బరికాయ కొట్టారు. నాన్నగారు ప్రార్థన చేశారు. (ఆ ప్రార్థనలో తెల్లావు చేసిన పురిటి ప్రయాణాలన్నీ పేరుపేరునా వచ్చాయి.) తాళంచెవి ఇచ్చేముందు నాన్నగారు దాన్ని చొక్కా కొసతో ఒకసారి తుడిచారు. అది చూసి రాజుగారు తల వంచుకుని, "బండి నా దగ్గరున్నా మీదే అనుకోండి మాస్టారూ. ఎప్పుడు కావాలన్నా ఒక్క కబురు చేయండి" అన్నారు. ఇందులో వింతేముంది? గోదావరి జిల్లాల్లో ఈ మాట అననివాళ్ళెవరు? ఇల్లు చూడ్డానికి వస్తే ఇల్లు మీదే అనుకోండి అంటాం, మామిడిచెట్టు బాగుందంటే చెట్టు మీదే అనుకోండి అంటాం. అవతలివాళ్ళు అంత మాటన్నారు చాలండి అంటారు, అక్కడితో అయిపోతుంది. నాన్నగారు కూడా అంత మాటన్నారు చాలు అనే అన్నారు. నేను నా చెవులతో విన్నాను.

మొదటి ఆదివారం నాన్నగారు, డోలకు బాబాయి హార్మోనియం మోసుకుంటూ నా కారు దగ్గరికి వచ్చారు. నేను డిక్కీ తీశాను. లోపల పరిచిన నల్ల తివాచీ మీద ఇంకా ఒక్క మరక లేదు. హార్మోనియం పెట్టె మూలలకి ఇనుప బిళ్ళలున్నాయి. గీసుకుంటుందేమో నాన్నగారూ, ఉండండి, పాత దుప్పటి తెచ్చి పరుస్తాను అని లోపలికి వెళ్ళాను. దుప్పటి వెతికి తెచ్చేసరికి హార్మోనియం డోలకు బాబాయి సైకిలు వెనక ఎక్కి ఉంది. పర్వాలేదమ్మా, దగ్గరేగా అన్నారు నాన్నగారు, సైకిలు పట్టుకుని నడుస్తూ వెళ్ళిపోయారు. పాపం శ్రమ పడకుండా సర్దుకున్నారని నేను సంతోషించాను కూడా. కారెక్కేవాళ్ళు చెప్పులు దులుపుకుని ఎక్కాలని, లోపల ఏమీ తినకూడదని, తలకి నూనె రాసుకున్నవాళ్ళు వెనక్కి ఆనకూడదని నేను పెట్టుకున్న చిన్న చిన్న నియమాలు అప్పటికే వీధంతా తెలిసిపోయాయి. నన్ను కారు అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇన్నాళ్ళకి ఈ వీధికి బుద్ధి వచ్చిందనుకున్నాను.

ఆ తర్వాత శనివారం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు తెల్లావు నిలబడి ఉంది. కడిగి ఉంది, తుడిచి ఉంది, అద్దం మీద బంతిపూల దండ కూడా ఉంది. ఏదో లోపం ఉందని రాజుగారు తిప్పి పంపేశారేమోనని నేను కంగారుపడ్డాను. అమ్మ వంటింట్లోంచే చెప్పింది, మీ నాన్నగారు కబురు చేశారట, ఆయన పంపించారట అని. నాకు అర్థం కాలేదు. కబురు చేయడమేమిటి? ఆర్‌సీ పుస్తకంలో పేరు మార్చుకుని తీసుకెళ్ళిన మనిషికి, ఆ బండి పంపమని అమ్మిన మనిషి కబురు చేస్తాడా? నాన్నగారిని అడిగితే, మీదే అనుకోండి అన్నారు కదమ్మా అని ఆశ్చర్యపోయారు. అడిగిన నేనే వింత మనిషిలా ఉన్నాను.

ఆ ఆదివారం పదకొండు మందీ తెల్లావెక్కి కూటానికి వెళ్ళొచ్చారు. మరుసటి శనివారం మళ్ళీ వచ్చింది. అంతటితో ఆగితే బాగుండును. నన్ను కారు అడగని వీధివాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ నాన్నగారి దగ్గర నసగడం మొదలుపెట్టారు. ఆయన రాజుగారికి కబురు చేయడం, ఆయన కడిగించి మరీ పంపడం. నెల తిరిగేసరికి తెల్లావు కొన్నవాళ్ళింట్లో కంటే అమ్మినవాళ్ళింట్లోనే ఎక్కువ ఉంటోంది. మా ఇంటి ముందు చోటు తెల్లావుకి కావాలి కాబట్టి నా నీలం కారుని పెరటి వైపు పాకలోకి తోశారు. అక్కడ మా అమ్మ కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టాయి. ఒక ఉదయం నేను ఆఫీసుకని కారు తీయబోతే, ఇంకో పదిరోజులు ఆగు, పొదుగుతోంది అంది అమ్మ. నేను పది రోజులు ప్యాసింజరు రైల్లో వెళ్ళాను. ఇది ఎక్కడి న్యాయమో మీరే చెప్పండి.

ఇక లాభం లేదని ఒక సెలవు రోజున రాజుగారింటికి వెళ్ళాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి లేదని చెప్పండి, మా నాన్నగారికి తెలిసొస్తుంది అని బతిమాలదామని. వెళ్ళగానే కొబ్బరిబొండం వచ్చింది. ఆ తర్వాత భోజనం చేస్తే గానీ మాట్లాడనివ్వలేదు. నేను చెప్పిందంతా విని రాజుగారు చాలా ఇబ్బందిగా నవ్వారు. "అన్నాక ఎలా కాదంటానండి అమ్మాయిగారూ? అదీ మాస్టారి దగ్గర." బయటికి వస్తుంటే చూశాను, ఇద్దరు మనుషులు సైకిళ్ళ మీద ఒక్కో తవుడు బస్తా చొప్పున చెరువు గట్టుకి తోలుతున్నారు. బండి మా దగ్గర ఉన్నప్పుడల్లా ఇలాగే జరుగుతోందట. ఆయన చెప్పలేదు, నేనే అడిగి తెలుసుకున్నాను. నాకు సిగ్గేసింది. అంత భోజనం పెట్టిన మనిషి. ఆ సిగ్గులో, చెప్పులు తొడుక్కుంటూ, "శని ఆదివారాలు మా కారు ఖాళీగానే ఉంటుందండి. మీదే అనుకోండి" అన్నాను. మర్యాదకి అన్నాను. ఆ మాత్రం ఆయనకి తెలియదా? అంత మాటన్నారు చాలండి అనాలి కదా? ఆయన అనలేదు. "ఆయ్, అలాగేనండి" అన్నారు.

శనివారం పొద్దున్నే ఆయన డ్రైవరు తెల్లావుని తెచ్చి పెట్టి నా కారు తాళంచెవి అడిగాడు. ఇవ్వక చస్తానా. ఆదివారం సాయంత్రం నా నీలం కారు తిరిగొచ్చేసరికి నల్ల తివాచీ గోధుమరంగు తివాచీ అయింది. ప్లాస్టిక్ కవర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి, వాటి మీద తవుడు వేలి మందాన పేరుకుని ఉంది. చెరువు బురద, చేపల మేత, ఇంకా ఏవేవో కలిసిన ఒక వాసన. సోమవారం ఎండలో అద్దాలన్నీ దించుకుని వంతెన దాటినా అది దిగలేదు. ఆఫీసు దగ్గర నేను కారాపగానే రెండు పిల్లులు వచ్చి చుట్టూ తిరిగాయి. సూపరింటెండెంటుగారు ముక్కు మీద చేతిరుమాలు పెట్టుకుని, చెరువేమైనా కొన్నారా అమ్మా అని అడిగారు. ఆ వారం నుంచి నా పేరు తవుడు మేడమ్. అంబులెన్సు అమ్మాయిలో కనీసం కొంత గౌరవం ఉండేది.

ఇలా మూడు నెలలు. ఒక ఆదివారం సాయంత్రం బండ్లు మార్చుకోవడానికి డ్రైవర్ని పంపకుండా రాజుగారే నా కారులో వచ్చారు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, అరటిపళ్ళ గెల ఒకటి తెచ్చి, అరుగు మీద కుర్చీ అంచున కూర్చున్నారు. కాలువలో నీళ్ళు ఎన్నాళ్ళుంటాయో మాట్లాడారు, ఈ ఏడు వానలు ఇంకా వదల్లేదన్నారు. చివరికి అసలు సంగతి బయటికి వచ్చింది. తెల్లావు అడుగు రేకు తుప్పు పట్టి ఊడిపోతోందట. తణుకులో ఎవరో పాత ఇనుముకి అడుగుతున్నారట. మాస్టారు సరేనంటే అమ్మేద్దామని. తన సొంత బండి అమ్ముకోవడానికి ఆయన మా నాన్నగారి అనుమతి అడుగుతున్నారు. అదే చాలు నాకు ఒళ్ళు మండటానికి. నాన్నగారు దాని మీద చాలాసేపు ఆలోచించారు. ఆలోచించి, చర్చిలో కోత పండుగ దగ్గరికొచ్చింది కదండీ, పాటలకి నాలుగూళ్ళు తిరగాలి, అది వెళ్ళనివ్వండి అన్నారు. రాజుగారు ఆయ్ అలాగేనండి అని తెల్లావెక్కి వెళ్ళిపోయారు.

ఆ బండి వీధి మలుపు తిరిగేదాకా నేను పళ్ళు బిగబట్టుకుని ఉన్నాను. ఆ తర్వాత మూడు నెలల కోపం ఒక్కసారిగా వెళ్ళగక్కాను. అది మన బండి కాదన్నాను. అమ్మేశామన్నాను. పరాయి మనిషి సొమ్ము వాడుకోవడానికి మొహమాటం ఉండాలన్నాను. మీకోసం కారు కొని ఇంట్లో పెడితే ఇన్ని నెలల్లో ఒక్కసారి ఎక్కలేదు, ఒక్కసారి బాగుందనలేదు, నేనేం పాపం చేశానని అడిగాను. అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్నగారు నన్ను కోప్పడలేదు. అరటిగెల వైపు చూస్తూ నెమ్మదిగా అన్నారు.

"రాజుగారు మీదే అనుకోండి అన్నారమ్మా. అందుకని అడిగాను. నువ్వు అనలేదుగా."

సొంత కూతురి దగ్గర కూడా ఆ మాట కావాలా అనబోయాను. అప్పుడు నాకు ఆ మొదటి ఆదివారం గుర్తొచ్చింది. హార్మోనియం చేతుల్లో పెట్టుకుని డిక్కీ ముందు నిలబడ్డ మనిషి, తివాచీ వంక చూస్తున్న నేను. రాజుగారికి అన్నాను. అన్నం పెట్టారని, సిగ్గేసిందని, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అనేశాను. ఊరంతటికీ తాళంచెవి ఇచ్చేసే ఈ మనిషికి మాత్రం దుప్పటి వేస్తాను ఉండండి అన్నాను. లోపలికి వెళ్ళి కారు తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఇది మీదే అనుకోండి నాన్నగారూ అన్నాను. అంటుంటే ఏడుపొచ్చింది. ఆయన అంత మాటన్నావు చాలమ్మా అంటారేమోనని ఒక్క క్షణం చూశాను. అనలేదు. తాళంచెవి జేబులో వేసుకున్నారు.

మర్నాడు సోమవారం. నేను తయారై బయటికి వచ్చేసరికి పాకలో కోళ్ళు తప్ప ఏమీ లేదు. ఎదురింటివాళ్ళు కుటుంబంతో సహా ఊరికి వెళ్తున్నారట, సామాను ఎక్కువట, నిడదవోలు స్టేషన్లో దింపి వస్తామని పొద్దున్నే నాన్నగారు, డోలకు బాబాయి నా కారు తీసుకెళ్ళిపోయారట. రైలు ఆలస్యమట. పనిలో పనిగా హార్మోనియం కూడా పెట్టుకెళ్ళారని అమ్మ చెప్పింది, రైలు కోసం ఆగినప్పుడు పండుగ పాటలు చూసుకోవచ్చని. దుప్పటి వేశారా అని నేను అడగలేదు. మీ నాన్నగారు ముందు సీట్లో కూర్చున్నారే అని అమ్మ మళ్ళీ అంది. అద్దం దించుకుని, వీధిలో ఒక్కొక్కరినీ ఆపి మరీ మా అమ్మాయి కారండి, మా అమ్మాయి కారండి అని చెప్పారట. మలుపు దగ్గర పాలవాడికి రెండుసార్లు చెప్పారట. నేను లేనప్పుడే చెప్పాలా ఆ మాట? ఇన్ని నెలలుగా కాచుక్కూర్చున్నది నేను, విన్నది పాలవాడు. నా బతుకంతా ఇంతే.

ప్యాసింజరు రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. అమ్మ నన్ను అడక్కుండానే రాజుగారింటికి ఫోన్ చేసింది. పావుగంటలో తెల్లావు వచ్చింది. ముందు సీట్లో రెండు తవుడు బస్తాలు కూర్చుని ఉన్నాయి, దారిలో దింపాలట. నేను ఎడమవైపు వెనక కూర్చున్నాను, డ్రైవరు బయట నుంచి తలుపు వేశాడు. కొవ్వూరు దాటి వంతెన మీదికి వచ్చేసరికి వాన మొదలైంది. మొదలవదా మరి? అడుగు రేకు సందులోంచి కింద రోడ్డు పరుగెత్తడం కనిపిస్తోంది. ఆఫీసు గేటు దగ్గర డ్రైవరు హారన్ కొట్టాడు, వైపర్లు అటూ ఇటూ ఊగాయి. వాచ్‌మన్ ఆ ప్లస్సు చూసి గేటు బార్లా తీసి, సైకిళ్ళు పక్కకి లాగి, వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చి నా తలుపు తీశాడు. ఆ వాన ధారలో నన్ను గుర్తుపట్టలేదు. ఎవరికండీ అన్నాడు.

"నాకేనండి" అని దిగాను.

కోత పండుగ అయ్యాక రాజుగారు మళ్ళీ వచ్చి అడిగారు. నాన్నగారు క్రిస్మస్ వెళ్ళనివ్వమన్నారు. ఆ సంబరం ఎన్నాళ్ళు సాగిందో చెబితే నాకు మళ్ళీ ఒళ్ళు మండుతుంది కాబట్టి చెప్పను. ఇప్పుడు నా దగ్గరున్నది మూడో కారు. అదీ ఎవరో వాడినదే, వెనక పొడుగ్గా చోటున్నది కావాలని వెతికి వెతికి కొన్నాను. ఆదివారాలు అది నాకు దొరకదు. మిగతా రోజుల్లో దొరుకుతుందని కూడా గట్టిగా చెప్పలేను, నిన్న సాయంత్రం నుంచీ కనపడలేదు. కోపం రావడం లేదా అంటే వస్తుంది, రోజూ వస్తుంది. అయితే ఎక్కడైనా సీట్లకి ప్లాస్టిక్ కవర్లు తీయని కారు కనిపిస్తే మాత్రం, పట్టుచీర కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ఎడమవైపు వెనక బిగుసుకుని కూర్చున్న ఒక అమ్మాయి గుర్తొస్తుంది. పాపం, ఆ తలుపు లోపల నుంచి తెరుచుకోదు. వెళ్ళి బయట నుంచి తీయాలనిపిస్తుంది.